యాస తగ్గించండి, స్వరాలు తగ్గించండి

జానపద గీతాన్ని పియానోకి కట్టాలంటే ఆ ఊరెళ్లాలి, పాడేవాళ్ల పక్కన కూర్చోవాలి, ఆ భాష రావాలి అంటారు కొందరు. వట్టి చాదస్తం. ఈ అపోహని ఎడిన్‌బరోలో జానపద గీతాల సంపుటాలు అచ్చేయించిన జార్జ్ థామ్సన్ అనే గుమాస్తా రెండు వందల ఏళ్ల కిందటే వదలగొట్టాడు.

ఆయన పద్ధతి చాలా శాస్త్రీయం. స్కాట్లాండ్ బాణీల్ని కాగితం మీద పెట్టి వియన్నాకి పంపేవాడు, అక్కడ హైడన్, కోజెలుక్, తర్వాత బీథోవెన్ అనే స్వరకర్తలు వాటికి పియానో, ఇష్టముంటే కలుపుకోడానికి వయొలిన్, చెల్లో కట్టి తిప్పి పంపేవాళ్లు. మధ్యలో నెపోలియన్ యుద్ధాలొకటి, పంపింది చేరుతుందో లేదోనని టెన్షన్. పైగా చాలాసార్లు బాణీ వెళ్లేది గానీ మాటలు వెళ్లేవి కావు, ఎందుకంటే అవి ఇంకా ఎవరూ రాసి ఉండరు. మాటలు పంపండి మహాప్రభో అని బీథోవెన్ అడిగాడు కూడా. ప్రేమ పాటో తాగుబోతు పాటో తెలిస్తే గానీ కట్టలేనివాడు మహా స్వరకర్త ఎలా అవుతాడండీ?

అసలు గొడవ వేరే. మా ఆడపిల్లలకి ఇంత కష్టమైన పియానో వాయించడం రాదు, కాస్త తేలిక చేయండి అని థామ్సన్ రాశాడు. రాసింది దిద్దడం నాకు అలవాటు లేదు అని 1813లో బీథోవెన్ జవాబిచ్చి, తొమ్మిది పాటల్ని దిద్దకుండా మొత్తం కొత్తగా కట్టి పంపాడు. మీ దేశపు అభిరుచి ఏమిటో, మీవాళ్లకి ఎంత మాత్రం వాయించడం వచ్చో ముందే చెప్పాల్సింది అని ఒక చురక కూడా అంటించాడు. పనిలో ఇద్దరికీ ఎంత మర్యాదో చూడండి. చివరికి 1818లో ఇరవై అయిదు పాటలు ఎడిన్‌బరోలో అచ్చయ్యాయి, బీథోవెన్ 108వ కృతి అదే. పెద్దగా అమ్ముడుపోలేదు, తప్పు మాత్రం వాయించేవాళ్లదే.

అన్నట్టు, ఈ సంపుటాలకి బోలెడు పాటలు రాసిచ్చిన స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్‌ని మరిచిపోయాను. ఆయన్నీ థామ్సన్ వదల్లేదు, స్కాట్ యాస తగ్గించి మర్యాదైన ఇంగ్లిష్‌లో రాయమన్నాడు. యాస కొంచెమైనా చల్లనివ్వండి అని బతిమాలిన ఆ కవి డబ్బులిస్తానంటే మాత్రం వద్దన్నాడు. బీథోవెన్‌కి అలాంటి పట్టింపులు లేవు, పాటకిన్ని డకెట్లని (అప్పటి బంగారు నాణేలు) లెక్కపెట్టి పుచ్చుకున్నాడు. బర్న్స్ 1796 జులైలో, చావుకి కొద్ది రోజుల ముందు, అప్పులవాళ్ల భయంతో అయిదు పౌండ్లు పంపమని ఉత్తరం రాశాడు. థామ్సన్ పంపాడు, ఈసారి ఏమీ తగ్గించమనలేదు.