అసలు సర్వర్లు మనకెందుకు?

మన వెబ్ అప్లికేషన్లలో బగ్గులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఇన్నాళ్ళకు తేలిపోయింది. తప్పు డెవలపర్లది కాదు, డెడ్‌లైన్లది కాదు, శుక్రవారం సాయంత్రం రిక్వైర్‌మెంట్ మార్చే క్లయింటుది కూడా కాదు. అసలు సర్వర్లదే. యూనిట్ టెస్టుల్లో (కోడ్‌ని ముక్కముక్కగా పరీక్షించేవి) మాక్ ఆబ్జెక్టుల మధ్య, అంటే అసలువాటికి బదులు నిలబెట్టిన నకిలీల మధ్య, ఏ లోటూ తెలియకుండా పెరిగిన కోడ్, జనం వాడే ప్రొడక్షన్‌కి వెళ్ళి నిజమైన డేటాబేస్‌తో, నిజమైన నెట్‌వర్క్‌తో తిరగడం మొదలుపెట్టాకే చెడిపోతోంది. సావాస దోషం! అందుకే నా ప్రతిపాదన: ప్రొడక్షన్‌లో కూడా మాక్‌లే పెడదాం.

మాక్ ఎంత బుద్ధిమంతురాలో చూడండి. జావాలో మాక్‌లు చేసిపెట్టే మాకిటో అనే లైబ్రరీతో ఒక మాక్ చేసి, దానికేమీ నేర్పకుండా వదిలేసినా అలగదు. నంబరు అడిగితే సున్నా ఇస్తుంది, లిస్టు అడిగితే ఖాళీ లిస్టు ఇస్తుంది, స్ట్రింగ్ (అక్షరాల వరస) అడిగితే నల్, అంటే ‘ఏమీ లేదు’, ఇచ్చి ఊరుకుంటుంది. పేమెంట్ గేట్‌వే మాక్‌కి ‘సక్సెస్ అను’ అని ఒక్కసారి చెప్పామంటే ఇక ఎన్నిసార్లు పిలిచినా సక్సెస్సే. అసలు యూపీఐకి ఆ నిలకడ ఏదీ? సక్సెస్, ఫెయిల్ చాలవన్నట్టు మధ్యలో పెండింగ్ అని ఇంకోటి పెట్టుకుంది. ఒరాకిల్ డేటాబేస్ మరీ ఘోరం. ఖాళీ స్ట్రింగ్ దాచమని ఇస్తే, తిరిగి అడిగినప్పుడు నల్ చేతిలో పెడుతుంది. మన మాక్ మాత్రం ఖాళీ స్ట్రింగే ఇమ్మంటే ఖాళీ స్ట్రింగే ఇస్తుంది. ఎవరిని నమ్మాలో మీరే చెప్పండి.

ఇక వచ్చిన ప్రతి రిక్వెస్టునూ గుమ్మం దగ్గరే ఆపి చూసే లాగిన్ ఫిల్టర్ సంగతి. జావా వెబ్ అప్లికేషన్ రాసినవాళ్ళందరికీ తెలిసిన కోడే: సెషన్‌లో యూజర్ లేకపోతే, అంటే లాగిన్ కాకపోతే, సెండ్‌రీడైరెక్ట్‌తో లాగిన్ పేజీకి పంపాలి, ఉంటే డూఫిల్టర్ అని పిలిచి లోపలికి వదలాలి. రీడైరెక్ట్ చేశాక కింద ‘రిటర్న్’ (ఇక్కడితో ఆగు) అని ఒక్క మాట రాయడం మరిచిపోయారనుకోండి. టెస్టులో రిక్వెస్టు, రెస్పాన్సు, లోపలికి వదిలే ఫిల్టర్ చైన్ అన్నీ మాక్‌లే. ‘సెండ్‌రీడైరెక్ట్‌ని పిలిచారా?’ అని వెరిఫై చేస్తాం. పిలిచారు. పచ్చ గుర్తు. ఆ తర్వాత డూఫిల్టర్‌ని కూడా పిలిచారు కానీ దాని గురించి మనం అడగలేదు, అడగనిది మాక్ చెప్పదు. ఎంత మర్యాద!

జావా వెబ్ అప్లికేషన్లు నడిపే సర్వర్ టామ్‌క్యాట్ ఉంది కదా, నిజమైన టామ్‌క్యాట్‌లో ఇదే కోడ్ పెడితే, లాగిన్ కాని మనిషి పంపిన ‘ఈ రికార్డు తీసెయ్యి’ అనే రిక్వెస్ట్ నేరుగా లోపలికి వెళ్ళి రికార్డు తీసేస్తుంది. బ్రౌజర్‌లో మాత్రం లాగిన్ పేజీ కనబడుతుంది. అంటే తలుపు దగ్గర ‘లోపలికి రాకూడదు’ అని చెబుతుండగానే లోపల పని పూర్తయిపోతుంది. ఈ గొడవంతా టామ్‌క్యాట్ వల్లే వచ్చింది. మాక్ చైన్ అయితే రికార్డు జోలికే వెళ్ళేది కాదు.

కొందరు ఛాందసులు దీన్ని తప్పు పడతారు. మాక్ అసెంబ్లీలో ప్రతిపక్షం పెట్టిన తీర్మానం ఎప్పుడైనా వీగిపోయిందా అని వాళ్ళని అడగాలి. స్పీకర్ మనవాడే, సభ్యులూ మనవాళ్ళే అయినప్పుడు సభ ప్రశాంతంగానే సాగుతుంది. ప్రజాస్వామ్యంలో ఇంతకంటే కావాల్సిందేముంది?

ఈ మాక్‌ల ఆలోచనను 2000లో ఇటలీలోని సార్డీనియాలో జరిగిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ సదస్సులో టిమ్ మెకినన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ అనే ముగ్గురు ఒక పేపరుగా సమర్పించారు. నాలుగేళ్ళ తర్వాత వీళ్ళలో ఇద్దరు, మరో ఇద్దరితో కలిసి ఒక సలహా కూడా ఇచ్చారు: మీరు రాసుకున్న టైపులనే మాక్ చేయండి, ఊళ్ళోవాళ్ళవి చేయకండి అని. మనవాళ్ళు ఆ సలహాకి ఓ దండం పెట్టి, బ్రౌజర్ నుంచి వచ్చే హెచ్‌టీటీపీ సర్వ్‌లెట్ రిక్వెస్ట్ మొదలుకొని డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ కనెక్షన్ దాకా కంటికి కనబడ్డ ప్రతిదాన్నీ మాక్ చేశారు. మరి కోడ్ నాణ్యత చూసే సోనార్‌క్యూబ్ కొత్త కోడ్‌కి 80 శాతం కవరేజీ (టెస్టులు నడిపిన కోడ్ వాటా) అడుగుతుందాయె. అది లైన్లు నడిచాయా లేదా అని చూస్తుంది గానీ, నడిచి ఎక్కడికి వెళ్ళాయని అడగదు. మేనేజర్ స్లైడ్‌లో పెట్టేది కూడా ఆ అంకెనే.

నా ప్రతిపాదన అమలైతే లాభాలు చెప్పనలవి కాదు. క్లౌడ్ బిల్లు ఉండదు. రాత్రి రెండింటికి ఆన్‌కాల్ ఫోన్ మోగదు. కస్టమర్లు కూడా తర్వాతి స్ప్రింట్‌లో మాక్‌లైపోతే ఫిర్యాదులూ ఉండవు, ఎందుకంటే ఫిర్యాదు చేయమని మనం నేర్పం కదా.

అన్నట్టు, మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఫిల్టర్ టెస్టులో ‘డూఫిల్టర్‌ని అస్సలు పిలవకూడదు’ అని ఒక లైన్ కలిపాడు. అప్పటిదాకా పచ్చగా ఉన్న టెస్ట్ ఎర్రబడింది. పైగా, ‘సార్, ఒకసారి నిజం టామ్‌క్యాట్ లేపి కూడా చూద్దామా?’ అన్నాడు. ప్రస్తుతం అతన్ని డాక్యుమెంటేషన్ పనికి మార్చాం.