సముద్రంలో ఊరికే దొరుకుతాయి కదా!

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఇక్కడ కక్కేస్తే గానీ అన్నం దిగేలా లేదు.

ఆదివారం కదా అని పొద్దున్న అమ్మకి తోడుగా చేపల దగ్గర కూర్చున్నాను. కారు ఆగింది. మేడం దిగలేదు. అద్దం దించి, ఏసీ మాత్రం ఆపకుండా, "కోనాం ఎంతమ్మా?" అంది. కిలో తొమ్మిది వందలని అమ్మ చెప్పింది. "తొమ్మిది వందలా! మీకేం పోయింది, సముద్రంలో ఊరికే దొరుకుతాయి కదా!"

ఊరికే అట!

ఆ చేప కోసం అమ్మ మూడున్నరకి లేచి హార్బరుకి వెళ్లింది. వేలంలో గొంతు పోయేలా అరిచి పాడుకుంది. ఆ పాట డబ్బు కూడా మాది కాదు. పొద్దున్న నాలుగున్నర వేలు చేతిలో పెడతారు, సాయంత్రానికి అయిదు వేలు కట్టాలి. మీ బ్యాంకుల్లో ఉందా ఈ వడ్డీ? ఆపైన ఐసు, ఆటో, కోసిచ్చే కూలి. ఇదంతా ఊరికే.

ఇక పట్టినవాళ్ల సంగతి. మా పెదనాన్న సరంగు, అంటే బోటు నడిపేవాడు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు రాత్రి వెళ్లి తెల్లారేసరికి ఒడ్డుకి వచ్చేసేవారట. ఇప్పుడు వెళ్తే పది రోజులు, ఒక్కోసారి పదిహేను. డీజిల్ డబ్బులు కూడా రాని వేటలు ఎన్నో. "సముద్రం మారిపోనాదిరా" అంటాడు. ఎక్కడా చదువుకోలేదు, కానీ చెప్పింది తప్పు కాదు.

మన బంగాళాఖాతం సంగతి కొంచెం వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ తెచ్చి ఇందులోనే పోస్తాయి. మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూత పెట్టినట్టు ఉండిపోతాయి. చేపకి తిండి పుట్టాలంటే అడుగున ఉన్న చల్లనీళ్లు తమలోని పోషకాలతో పైకి రావాలి. అప్పుడే కంటికి కనపడని నాచు పెరుగుతుంది, దాన్ని తిని చిన్న చేప, చిన్న చేపని తిని కోనాం. ఇక్కడ ఆ కలయిక ముందునుంచీ అంతంతమాత్రమే. పైనీళ్లు వేడెక్కేకొద్దీ మూత ఇంకా బిగుసుకుంటుంది. 1951 నుంచి 2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైనీళ్లు సగటున ఒక డిగ్రీ వేడెక్కాయి. "ఒక్క డిగ్రీయేగా" అంటారు. వీళ్లే ఇంట్లో ఏసీ 24 నుంచి 25కి పెడితే మొగుడూ పెళ్లాం రిమోట్ కోసం కొట్టుకుంటారు.

నూనె కవ్వళ్లు, అదే కేరళ వాళ్ల మత్తి, ఒకప్పుడు మనవైపు పెద్దగా పడేవి కావు. 1980ల చివరి నుంచి తమిళనాడు, ఆంధ్ర వలల్లోనూ పడుతున్నాయి. కానాగంతలేమో పైవేడి పడక లోతుకి దిగుతున్నాయి. మొన్న ఒక పెద్దమనిషి, "కొత్త చేప వచ్చిందంటే మీకు లాభమేగా" అన్నాడు. అయ్యా, గంపెడు కవ్వళ్లు అమ్మినా కోనాం డబ్బులు రావు. చేపకి రెక్కలున్నాయి, చల్లగా ఉన్నచోటికి పోతుంది. తెప్ప ఏ లోతుకి దిగాలి?

దానికి తోడు ఈ వాయుగుండాలు. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే బోట్లన్నీ జెట్టీకే. హుద్‌హుద్ వచ్చి పోయింది 2014లో. అప్పటినుంచి గాలి కొంచెం గట్టిగా కొడితే చాలు, అమ్మ రాత్రంతా కూర్చునే ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం సరే సరి, అది గుడ్లు పెట్టే కాలం, కాదనం. 61 రోజులకి 20,000 రూపాయల ప్రభుత్వ సాయం. లెక్కేసుకోండి, రోజుకి 328 రూపాయలు, ఇంటిల్లిపాదికీ. అదీ వేటకెళ్లేవాళ్లకి. గంప మోసే ఆడవాళ్లు ఆ లెక్కలోకే రారు.

ఇదే మేడం గారు వానాకాలంలో గోదావరి జిల్లాకి వెళ్తే ఎంత పెట్టి కొంటారో చూడాలి. పుస్తెలమ్మైనా పులస తినాలి కదా మరి! సముద్రంలో ఉన్నంతసేపు అది ఇలస, ఎవరికీ అక్కర్లేదు. గోదావరి వరదకి వచ్చే ఎర్రనీటికి ఎదురీది యానాం దాటితే పులస. పాపం అదీ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కింద ఆగిపోతుంది. వానలు అటూఇటూ అయితే ఎర్రనీరూ అటూఇటే. చేప తగ్గేకొద్దీ మనవాళ్లకి మోజు పెరుగుతుంది. ఒక్క పులస ఇన్ని వేలు పలికిందని టీవీలో పండగ. అక్కడ ఎవరూ "ఊరికే దొరికింది కదా" అనరు. బేరమంతా మా అమ్మ దగ్గరే.

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదులెండి. ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మతో బస్సెక్కాను. రెండు స్టాపులు కూడా వెళ్లలేదు, "కంపు, దిగు దిగు" అని కండక్టరు గంపని కాలితో మెట్ల దాకా తోశాడు. బస్సులో ఒక్కరూ నోరెత్తలేదు. ముక్కులు మాత్రం మూసుకున్నారు. మా క్లాసు పిల్ల కూడా ఉంది అందులో, మర్నాడు బడంతా చెప్పింది. మిట్టమధ్యాహ్నం గంప నెత్తిన పెట్టుకుని అమ్మ, వెనకాల పుస్తకాల సంచితో నేను, ఇంటిదాకా నడిచాం. ఆ నడకకి పొగ రాలేదు, సముద్రం వేడెక్కలేదు. వేడెక్కించినవాళ్లు అద్దాలు దించి రేటు ఎక్కువంటున్నారు.

చివరికి ఏమైందంటారా? అమ్మ ఏడొందల యాభైకి ఇచ్చేసింది. "బోణీ బేరం, ఎల్లనీరా" అని నా మోకాలు నొక్కింది. మేడం అద్దం ఎక్కిస్తూ, "తల పారేయకమ్మా, పులుసుకి వెయ్" అంది. తలకి డబ్బుల్లేవు, అది కూడా ఊరికే.

వచ్చే ఆదివారం మళ్లీ వస్తానంది. రానివ్వండి. ఆరోజు రేటు చెప్పేది నేను.