హీరోకి బలం పెరిగింది సరే, బుద్ధి మారిందా?

మాంగాలో, అంటే జపాన్ కామిక్స్‌లో, క్యారెక్టర్ డెవలప్‌మెంట్ అని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది చివరికి మాట్లాడేది పవర్ గురించే. హీరోకి కొత్త రూపం వచ్చింది, జుట్టు రంగు మారింది, నిన్నటిదాకా తాకలేకపోయిన విలన్‌ని ఇవాళ ఒక్క దెబ్బకి పడగొట్టాడు, ఇంకేం, "ఏం ఎదిగాడురా బాబూ" అని ఒకటే పొగడ్తలు. ఎక్కడ ఎదిగాడు? మొదటి వాల్యూమ్‌లో చేసిన పనే ఇరవయ్యో వాల్యూమ్‌లో ఇంకాస్త గట్టిగా చేస్తున్నాడు, అంతేగా. నా లెక్క ఒక్కటే. అదే పరిస్థితి మళ్లీ ఎదురైతే ఈసారి వేరే నిర్ణయం తీసుకుంటాడా? తీసుకుంటే పాత్ర మారినట్టు, లేదంటే కండలు పెరిగినట్టు. (కథలు బయటపెట్టకుండా ఈ గొడవ తేల్చడం కుదరదు, చదవనివాళ్లు మన్నించాలి.)

ఈ పవర్ పిచ్చికి మూలం అని అందరూ వేలు చూపించేది డ్రాగన్ బాల్ వైపే. 1984 నుంచి 1995 దాకా నడిచిన ఈ కథలో రచయిత తొరియామా స్కౌటర్ అనే యంత్రం పెట్టాడు, కంటికి తగిలించుకుంటే ఎదుటివాడి బలం అంకెల్లో కనిపిస్తుంది. ఫ్రీజా అనే విలన్ తన బలం 5,30,000 అని చెప్పిన ఆ సీన్ ఫ్యాన్స్ నోట ఇప్పటికీ నానుతూనే ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఆ యంత్రాన్ని నమ్ముకున్నది ఎవరు? విలన్లు. హీరోలు తమ శక్తిని దాచుకోగలరు కాబట్టి అది తప్పు లెక్క చూపిస్తుంది, దాన్ని నమ్మినవాడు తన్నులు తింటాడు. అంకెల్ని నమ్మొద్దని కథే చెప్పింది, ఫ్రీజా కథ ముగిశాక వాటిని దాదాపు వదిలేసింది కూడా. ఫ్యాన్స్ మాత్రం విలన్ల యంత్రాన్ని ఏరుకొచ్చి తమ కళ్లకి తగిలించుకున్నారు.

ఆ కథలో నిజంగా మారింది, మొదట విలన్‌గా వచ్చిన వెజీటా. హీరో గోకుని దాటాలన్న కసితో, పాత క్రూరత్వం మళ్లీ రావాలని కావాలనే బాబిడీ అనే మాంత్రికుడి మంత్రానికి లొంగిపోతాడు. తర్వాత కొడుకుని ఒక్కసారి దగ్గరికి తీసుకుని, బూ అనే రాక్షసుణ్ని అంతం చేయడానికి తనని తాను పేల్చేసుకుంటాడు. ఆ పేలుడుకి బూ చావలేదు! బలం లెక్కలో చూస్తే అదొక ఫెయిల్యూర్. కానీ అతని జీవితంలో వేరేవాళ్ల కోసం చేసిన మొదటి పోరాటం అదే. ఇంకొంచెం ముందుకెళ్తే, గోకు పోరాటం చూస్తూ నువ్వే నంబర్ వన్ అని మనసులో ఒప్పుకుంటాడు. అంటే ప్రపంచంలో పవర్ లెవెల్స్‌కి పర్యాయపదంగా మారిన మాంగాలో, అందరికంటే గొప్ప పాత్ర మార్పు ఏంటయ్యా అంటే, ఒకడు తన రెండో స్థానాన్ని ఒప్పుకోవడం.

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ ఇంకో అడుగు ముందుకేసింది. 27 వాల్యూమ్‌ల పాటు హీరో ఎడ్వర్డ్‌ని తన రసవాద విద్యే కాపాడుతూ వచ్చింది. చివర్లో తమ్ముడిని వెనక్కి తెచ్చుకోవడానికి ఆ విద్యనే ధారపోస్తాడు. మామూలు మనిషిగా మిగిలిపోతాడు. ఎక్కడైనా కథ చివర హీరో బలం అందనంత ఎత్తులో ఉంటుంది, రచయిత్రి అరకావా దాన్ని సున్నా చేసింది. తల్లిని బతికించుకోవాలని ప్రకృతి నియమాలతో ఆడుకున్న పిల్లాడు ఇతనే కదా, అందుకే ఆ సున్నా అంత బరువుగా ఉంటుంది.

ఇక విన్‌లాండ్ సాగా. తండ్రిని చంపినవాడి మీద పగతో రగిలిపోయే థోర్ఫిన్, ఆ పగ తీరకముందే శత్రువు వేరేవాడి చేతిలో చచ్చిపోతే, బానిసగా ఒక పొలంలో తేలతాడు. అక్కడి నుంచి వాల్యూమ్‌ల కొద్దీ అడవి కొట్టడం, మొద్దులు పీకడం, గోధుమలు వేయడం. కత్తియుద్ధాల కోసం వచ్చినవాళ్లు "బోర్" అని గోల పెట్టారు, పొలం కథ అని వెక్కిరించారు. నన్నడిగితే మాంగాలో వచ్చిన అత్యుత్తమ భాగాల్లో అదొకటి. చివరికి అతను రాజుని కలవాలంటే ఒక బలవంతుడి చేతిలో వంద దెబ్బలు తిని నిలబడాల్సి వస్తుంది. చెయ్యెత్తకుండా తింటాడు. నీ శత్రువులు ఎదురుగా ఉన్నారు కదా అంటే, నాకు శత్రువులు లేరంటాడు. చిన్నప్పుడు తండ్రి చెప్పిన మాట అది, అప్పుడు బుర్రకెక్కలేదు. అది అర్థం కావడానికి అన్ని వాల్యూమ్‌లు పట్టింది.

బొమ్మలతో ఈ మార్పుని ఎంత బాగా చూపించొచ్చో తెలియాలంటే ఎ సైలెంట్ వాయిస్ చూడాలి. వినికిడి లేని తోటి అమ్మాయిని ఏడిపించి, ఆ తర్వాత అందరూ వెలివేసిన షోయా కళ్లకి చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల మీద ఇంటూ గుర్తులు కనిపిస్తుంటాయి. ఎవరితోనైనా మనసు కలిస్తే ఆ ముఖం మీది గుర్తు ఊడి కింద పడుతుంది, నమ్మకం చెదిరితే మళ్లీ వచ్చి అంటుకుంటుంది. ఒక్క డైలాగ్ అక్కర్లేదు. ఆ ఇంటూ గుర్తుని నవలలో ఎంత వర్ణించినా ఈ దెబ్బ తగలదు.

అందరూ మారాల్సిన పనేముంది, వన్ పీస్‌లో హీరో లూఫీ 1997 నుంచీ అలాగే ఉన్నాడు కదా అంటారు. నిజమే, అతను మారడు, అతను అడుగుపెట్టిన ఊళ్లూ మనుషులూ మారతారు. అది వేరే పద్ధతి, రచయిత ఓడా దాన్ని అద్భుతంగా నడిపిస్తున్నాడు. నా గొడవ లూఫీతో కాదు, కొత్త టెక్నిక్ నేర్చుకున్న ప్రతిసారీ దానికి ఎదుగుదల అని పేరు పెట్టేవాళ్లతో.

ఇంతకీ ఈ అలవాటు పాఠకుల తప్పేనా? మాంగా వచ్చే వీక్లీ షోనెన్ జంప్ లాంటి వారపత్రికలో పాఠకుల ఓట్లే కథ ఆయుష్షుని తేలుస్తాయి, ఓట్లు రాకపోతే సిరీస్ అర్ధంతరంగా ఆగిపోతుంది. ఈ టెన్షన్‌లో రాసేవాడు మొద్దులు పీకే హీరోని నెలల తరబడి చూపించే సాహసం ఎలా చేస్తాడు? విన్‌లాండ్ సాగా 2005లో వారపత్రికలోనే మొదలైంది, ఆ ఏడాదే నెలపత్రికకి మారింది. ఫుల్‌మెటల్‌దీ నెలపత్రికే. ఎ సైలెంట్ వాయిస్ వారపత్రికలోనే వచ్చింది, కాదనను, కానీ అది ఏడు వాల్యూమ్‌లకే ముగిసిన కథ.

రేటింగ్ మీద బతికే పత్రిక, ర్యాంకుల మీద నడిచే కథ, దాన్ని చదివి "ఇతను అతన్ని కొట్టగలడా" అని చార్టులు గీసే ఫ్యాన్స్. ఇది మాంగాకే పట్టిన జబ్బు అనుకోవడం అమాయకత్వం. మార్కులు, ఫాలోవర్లు, రోజుకి ఎన్ని అడుగులు నడిచాం, ఎన్ని గంటలు నిద్రపోయాం, అన్నిటికీ అంకె తగిలించి, అంకె పెరిగితే మనం బాగుపడ్డామనుకునే కాలం ఇది. నిరుటికంటే కోపం తగ్గిందా, క్షమాపణ చెప్పడం వచ్చిందా అని చూపించే యాప్ ఏదీ లేదు కాబట్టి వాటిని లెక్కలోకే తీసుకోం.

మాబ్ సైకో 100 చేసిన వేళాకోళం అందుకే నాకు అంత ఇష్టం. పేజీల మీద శాతాలు ఎక్కుతుంటాయి, చూసినవాళ్లెవరైనా పవర్ మీటర్ అనుకుంటారు. అది హీరో మాబ్ లోపల అణచిపెట్టుకున్న భావాల లెక్క. అతీంద్రియ శక్తిలో అతనికి మొదటినుంచీ సాటి ఎవరూ లేరు, అక్కడ పెరగడానికి ఏమీ లేదు. అందుకని స్కూల్లో వ్యాయామం క్లబ్‌లో చేరి, పరిగెత్తలేక పడిపోతూ, మళ్లీ లేస్తూ ఉంటాడు.