పాలిష్ చక్రం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పాలిష్ చక్రం గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, కుశలం ప్రస్తుతానికి తమ ఒక్కరిదే కాబట్టి ఆ మాట సగమే రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం పూర్ణా మార్కెట్ సందులో, పోయిన కరెంటు వచ్చేదాకా, తమ కొలువు ముందు ఇనుప స్టూలు మీద మూడు గంటలు కూర్చున్న వాణ్ణి నేనే. తమరు మేలుకున్నాక మా మడత చాకుకు కేటాయించిన సమయం నిండా నిమిషం లేదు. ఆ నిమిషంలో ఏం చేశారో తమకు తెలియదనే నమ్మకంతోనే ఇంత వినయంగా రాయగలుగుతున్నాను.

చాకు అలుగు మొదట్లో, పిడిలోకి దిగే చోట, గోటి కొసంత చదునైన జాగా ఉండేది. దాని మీద ఒక కిరీటం, దానికి కుడి పక్కన ఇంగ్లీషు 'ఆర్' అక్షరం, కింద ఇంగ్లండులో చాకులకు పేరుపడ్డ షెఫీల్డ్ అనే ఊరి పేరు భూతద్దంలో కనిపించేవి. ఎడమ పక్క అక్షరం మాత్రం తుప్పు కింద ఉండిపోయింది. ఆ ఒక్క అక్షరం మీద మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ వ్యాజ్యం నడుస్తోంది. చాకు ముత్తాతగారిదని పెదనాన్న వాదన. కాదు, 1933లో మన విశాఖలో రేవు తెరిచాక అందులో టాలీ గుమాస్తాగా, అంటే సరుకు లెక్కలు రాసుకునే గుమాస్తాగా, చేరిన తాతయ్య పెన్సిళ్లు చెక్కుకోవడానికి కొన్నదని బాబాయి వాదన. తుప్పు కింద ఉన్నది 'వి' అయితే విక్టోరియా రాణి, అంటే 1901కి ముందు మాట. 'జి' అయితే 1910లో గద్దెనెక్కిన జార్జి గానీ, ఆయన తర్వాతి జార్జి గానీ. మధ్యలో తొమ్మిదేళ్లు ఏలిన ఎడ్వర్డుకు మా ఇంట్లో వకాలతు పుచ్చుకున్న వారెవరూ లేరు.

వారం రోజులుగా ఆ తుప్పును కిరసనాయిల్లో ముంచిన దూదితో నానబెట్టి, వెదురు పుల్లతో రోజుకు కాస్త చొప్పున గీకుతూ వచ్చాను. ఇనుప బ్రష్షు ముట్టలేదు, ఉప్పుకాగితం ముట్టలేదు. అక్షరం అడుగు కోసుగా ఉందో గుండ్రంగా ఉందో తేలడానికి ఇంకో రెండు రోజులు పట్టేది. తమరు అరనిమిషంలో తేల్చేశారు. ఇప్పుడక్కడ 'వి' లేదు, 'జి' లేదు, 'ఆర్' లేదు, కిరీటం లేదు, షెఫీల్డ్ లేదు. నా ముఖం కనిపిస్తోంది.

ఈ నేరంలో తమకు తోడుదొంగలు ఉన్నారని ఒప్పుకుంటాను. కిటికీ ఊచలనే బతకనివ్వని మన సముద్రపు గాలి ఒకటి. ఇనుముకు కొబ్బరినూనె రాయమని చెప్పి, అది జిగురులా ముదిరి మడత బిగుసుకుపోయేలా చేసిన మా అత్తయ్య గారి వాత్సల్యం మరొకటి. చెమ్మ పీల్చి పట్టుకునే తోలు సంచిలో చాకును దశాబ్దాల పాటు భద్రపరిచిన మా వంశం తెలివి ఇంకొకటి. కానీ వీరంతా కలిసి ఇన్నేళ్లలో చెరపలేనిది తమరు ఒక్కరే చెరిపారు.

తుప్పు వేరు, వన్నె వేరు. ఎర్రగా లేచి పొడిగా రాలేది తుప్పు. అది ఉక్కును తింటుంది. మామిడికాయలూ నిమ్మకాయలూ కోయగా కోయగా బూడిద రంగులోకి తిరిగి అంటుకుపోయేది వన్నె; అది ఉక్కును ఎంతో కొంత కాస్తుంది. మరక పడని ఉక్కును హ్యారీ బ్రియర్లీ 1913లో అదే షెఫీల్డ్‌లో తయారుచేశాడు గానీ, మా చాకు ఆ జాతిది కాదు, నల్లబడే జాతిది. తమరికి రెండూ మురికిగానే కనిపించాయి. అలుగు కొస నీలంగా మారేదాకా కాల్చారు; నీలం తిరిగిన ఉక్కుకు పెట్టిన పదును నిలవదు. పిడి కణుజు, అంటే సాంబర్ దుప్పి, కొమ్ము. మన దేశపు అడవుల్లో రాలిన కొమ్ములు ఓడలెక్కి షెఫీల్డ్ పోయి, పిడులై తిరిగి వచ్చిన రోజుల నాటి సరుకు అది. దాని గరుకు చారలను నున్నగా అరగదీశారు, వెంట్రుకలు కాలిన వాసన సందంతా కొట్టింది. బుద్ధి ఉందా నీకు? ఎవడు చెప్పాడు నీకు, పాతదంతా మురికేనని?

ఎవడు చెప్పాడో నాకు తెలుసు. సాన ఒక్కటే పట్టమని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మూడు గంటలు కూర్చున్న విసుగులో, "కొంచెం మెరిసేలా కూడా చూడు బాబూ" అన్న నోరు నాదే. తమరిని తిప్పే కుర్రాడు నవ్వుతూ "కొత్తదానిలా చేసీసేను సార్" అని చేతిలో పెట్టాడు. అరవై రూపాయలు తీసుకున్నాడు. చిల్లర లేదంటే వంద ఇచ్చి వచ్చాను.

రాత్రి మడతలో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, పొడిగుడ్డతో తుడిచి, పెదనాన్న దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, దీపం కిందికి జరిగి, అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందిరా, ఎంతకు కొన్నావు? దీని మోజులో పడి ముత్తాతది మాత్రం ఎక్కడా పారేయకు" అన్నారు.

ఇట్లు,
వంద రూపాయలు సమర్పించుకున్న తమ విధేయుడు,
విశాఖపట్నం.