పోటీ ఎందుకండీ, దండగ!

అమెరికా కోర్టులకు వేరే పని లేనట్టుంది. పాతికేళ్లకోసారి ఏదో ఒక పెద్ద కంపెనీని గుత్తాధిపత్యం కేసులో బోనెక్కించి, జనానికి సుఖం ఎందుకు ఇచ్చావని నిలదీస్తుంటాయి. ఈ అన్యాయాన్ని ఖండించడానికి తెలుగులో ఎవరూ ముందుకు రాకపోవడంతో ఆ భారం నా నెత్తిన వేసుకున్నాను.

1998 మేలో అమెరికా న్యాయశాఖ, 20 రాష్ట్రాలు కలిసి మైక్రోసాఫ్ట్ మీద కేసు పెట్టాయి. విండోస్‌తో పాటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే తన బ్రౌజర్‌ను అంటగట్టి, పోటీ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ పొట్ట కొట్టిందని అభియోగం. మైక్రోసాఫ్ట్ ఔదార్యాన్ని మాత్రం ఎవరూ గుర్తించలేదు. స్పైగ్లాస్ అనే చిన్న కంపెనీ దగ్గర బ్రౌజర్ కోడ్ తీసుకుని, వచ్చే రాబడిలో వాటా ఇస్తామంది. తర్వాత బ్రౌజర్‌ను ఊరికే పంచిపెట్టింది. సున్నాలో వాటా ఎంతో ఏ లెక్కల మాస్టారినైనా అడగండి. చివరికి 1997లో 80 లక్షల డాలర్లు చేతిలో పెట్టి ఆ తగవు తీర్చుకుంది.

ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్ నుంచి విడదీయడం కుదరదని కంపెనీ వాదించింది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ విడదీసి చూపించారు. చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. 2000 జూన్‌లో జడ్జి జాక్సన్ కంపెనీని రెండు ముక్కలు చేయమన్నారు. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు తప్పు తప్పేనంటూనే ముక్కలు చేయాలన్న ఆదేశాన్ని కొట్టేసింది.

పోటీ లేకపోతే ఎంత ప్రశాంతంగా ఉంటుందో మనకు తెలియనిది కాదు. ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో, 7 వచ్చింది 2006లో. ఐదేళ్ల పాటు అప్‌డేట్ల గొడవ లేదు, కొత్తగా నేర్చుకునే టెన్షన్ లేదు. మన సర్కారీ వెబ్‌సైట్లయితే ఆ ప్రశాంతతను ఆ తర్వాత కూడా చాలాకాలం కాపాడాయి.

ఇప్పుడు రెండో కేసుకు వద్దాం. ఈసారి బోనులో ఉన్నది గూగుల్. 2023 అక్టోబరులో వాషింగ్టన్ కోర్టుకు ఒక సాక్షి వచ్చారు. మన బేగంపేటలో, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల. ఎవరి పెత్తనమూ లేని ఓపెన్ వెబ్ అని అందరూ అంటారు కానీ నిజానికి ఉన్నది గూగుల్ వెబ్బేనని, మనం ఎంచుకోకముందే డిఫాల్ట్‌గా కూర్చున్నవాడిదే రాజ్యమని ఆయన వాపోయారు. మైక్రోసాఫ్ట్ అధినేత నోట ఆ మాట విని ఎవరి కళ్లు చెమర్చవు? ఇదే గూగుల్ 2006లో, ఎక్స్‌ప్లోరర్ 7లో డిఫాల్ట్ సెర్చ్ మైక్రోసాఫ్ట్‌దే ఉంటోందని గగ్గోలు పెట్టింది. అత్తా ఒకింటి కోడలే.

మా సెర్చ్ బాగుంటుంది కాబట్టే జనం వస్తున్నారని గూగుల్ వాదన. నిజమే. అయినా ఎందుకైనా మంచిదని 2021లో ఫోన్లలో, బ్రౌజర్లలో డిఫాల్ట్ స్థానాల కోసం 2,630 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది.

అసలు దోషులు వేరే ఉన్నారు. తమ కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టే ఓపెన్ సోర్స్ వాళ్లు. చిత్తుగా ఓడిపోతున్న నెట్‌స్కేప్ 1998 మార్చిలో తన కోడ్‌ను బయట పెట్టేసింది. కంపెనీ పోయాక కోడ్ కూడా మర్యాదగా పోవాలి కదా? పోలేదు. మొజిల్లా అయింది, 2004లో ఫైర్‌ఫాక్స్ అయింది, ఎక్స్‌ప్లోరర్ నిద్ర చెడగొట్టింది. మరోవైపు కేడీఈ అనే సంఘంలో ఔత్సాహికులు కేహెచ్‌టీఎంఎల్ అని, వెబ్ పేజీలను తెరమీద చూపించే ఒక ఇంజిన్ రాశారు. యాపిల్ దాన్ని తీసుకుని వెబ్‌కిట్ చేసి సఫారీలో పెట్టింది. గూగుల్ వెబ్‌కిట్‌ను తీసుకుని బ్లింక్ చేసి క్రోమ్‌లో పెట్టింది. 2020 నుంచి మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ నడిచేదీ దాంతోనే. లక్షల కోట్ల కంపెనీలు మూడింటి బ్రౌజర్లూ ఆ ఔత్సాహికుల పునాది మీదే లేచాయి. పునాది వేసినవాళ్ల పేరు మాత్రం మీరూ ఇప్పుడే విని ఉంటారు.

కోడ్ తెరిచి ఉంటే చాలు, పెత్తనం పోతుందనుకునే అమాయకులూ ఉన్నారు. క్రోమ్‌కు మూలమైన క్రోమియం కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. కానీ బ్రౌజర్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ల రూల్సు మార్చి, యూబ్లాక్ ఆరిజిన్ లాంటి ప్రకటనల అడ్డుగోడను క్రోమ్ నుంచి సాగనంపాలని నిర్ణయించింది గూగులే. ప్రకటనల మీద బతికే కంపెనీ కదా, ఆ నిర్ణయం ఎంత బాధతో తీసుకుందో! ఫైర్‌ఫాక్స్‌లో అది ఇప్పటికీ పనిచేస్తోంది. పోటీ వల్ల వచ్చే అనర్థాలు ఇలాగే ఉంటాయి.

2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా, సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని తేల్చారు. క్రోమ్‌ను అమ్మించాలని న్యాయశాఖ పట్టుబట్టింది. 2025 సెప్టెంబరులో జడ్జి ఒప్పుకోలేదు. డిఫాల్ట్ కోసం డబ్బులివ్వడం కూడా ఆపించలేదు, ఇంకెవరికీ చోటివ్వొద్దనే షరతు మాత్రం పెట్టకూడదన్నారు. ఆ డబ్బులు ఆగితే ఫైర్‌ఫాక్స్ బతకడమే కష్టమని దాన్ని నడిపే మొజిల్లా సంస్థ కోర్టుకు మొరపెట్టుకుంది మరి. దాని రాబడిలో సింహభాగం గూగుల్ ఇచ్చేదే. పోటీదారు ఇంటి ఖర్చులు కూడా తానే భరిస్తున్న కంపెనీని పట్టుకుని, పోటీని చంపేస్తోందని ఎలా అనగలుగుతున్నారో!