సవరణ: కోడిపిల్లలు పొడుచుకుంటే అయ్యే గాయాలు, చోటు లెక్క

‘పిల్లకు అర చదరపు అడుగు చాలు’ అని ముందు పోస్టులో రాసిన లెక్క మొదటి నాలుగు వారాలకే వర్తిస్తుంది. ఆ ముక్క అందులో లేకపోవడంతో కొందరు ఎనిమిది వారాల దాకా అదే చోటులో ఉంచుతున్నారు, ఇరుకై పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. నాలుగు వారాలు దాటాక పిల్లకు ఒక చదరపు అడుగు కావాలి. ఆరడుగుల వ్యాసం ఉన్న చిక్ గార్డ్ (పిల్లల చుట్టూ గుండ్రంగా కట్టే అడ్డు) లోపల దాదాపు 28 చదరపు అడుగుల చోటుంటుంది. అంటే చిన్నప్పుడు యాభై పిల్లలు, తర్వాత పాతికకు కాస్త ఎక్కువ. వనరాజా రకం కోడిపిల్లలు త్వరగా ఎదుగుతాయి కాబట్టి ముందే చోటు చూసుకోండి.

అదే పోస్టులో పొడిచిన గాయానికి పసుపు రాయమన్న మాట కూడా సగమే. రాసి మళ్లీ గుంపులో వదిలితే లాభం లేదు. ఎర్రగా కనిపిస్తే చాలు, మిగతావి అక్కడే పొడుస్తాయి, ఒక్కోసారి పేగులు బయటికొచ్చేదాకా. ముందు పిల్లను వేరుచేయండి. గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి, పోవిడోన్ అయోడిన్ (గాయాల మీద క్రిములను చంపే మందు) పూయండి. గాయం పూర్తిగా మానాకే తిరిగి కలపండి. లోతైన గాయమైతే పశువైద్యుడికి చూపించాల్సిందే.

ఇరుకు ఒక్కటే కారణం కాదు. వేడి ఎక్కువైనా, తెల్లటి బల్బు రాత్రంతా మండుతున్నా, మేతలో మాంసకృత్తులు తగ్గినా పొడుచుకుంటాయి. మొదటి వారం 35 డిగ్రీలు ఉంచి, వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించుకుంటూ రండి. మేత తొట్టి దగ్గర తోపులాట కనబడితే ఇంకో తొట్టి పెట్టండి.