మూడు రోజుల శాశ్వత పందెం

ఇండియన్ గ్రాండ్‌ప్రి 2013లో ఆగిపోయిందని లోకం పొరబడుతోంది. ఆగినవి కార్లు. గ్రేటర్ నోయిడాలో 2011, 2012, 2013 అక్టోబరు చివరి ఆదివారాల్లో ఫార్ములా వన్ కార్లు గిరగిరా తిరగడం, పద్యనాటకానికి ముందు హార్మోనియం వాయింపు లాంటిది. అసలు పోటీ ఫైళ్ళది. దానికి న్యాయంగా దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నదే ఈ వ్యాసకర్త ఆవేదన.

ఫైళ్ళ క్వాలిఫయింగ్, అంటే అసలు పందానికి ముందు జరిగే అర్హత పోటీ, 2009లోనే మొదలైంది. లైసెన్సు ఫీజు విదేశానికి పంపడానికి నిర్వాహకులు అనుమతి అడిగితే, ఇది క్రీడ కాదు వినోదం అని కేంద్ర క్రీడాశాఖ తేల్చింది. సరే, వినోదమే అనుకుందాం. వినోదమైతే వినోదపు పన్ను కట్టాలి కదా? అక్కర్లేదని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. దాని మీద ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. మొదటి పందానికి వారం పది రోజుల ముందు సుప్రీంకోర్టు, టికెట్ల సొమ్ములో 25 శాతం విడిగా ఒక ఖాతాలో పెట్టమంది. అలా ఒకే కారు ఢిల్లీలో వినోదం, లక్నోలో పన్ను అంటని పవిత్ర వస్తువు, కస్టమ్స్ వారి దగ్గర దిగుమతి సరుకు అయింది. శంకరాచార్యులకైనా ఇంత సులువుగా అంతుపట్టే తత్వం కాదు.

(భీమవరం వైపు సంక్రాంతికి జరిగే పందాలను ఇది క్రీడా, వినోదమా అని ఎవరూ అడగరు. కోర్టు వద్దన్నా ఏటా జరుగుతూనే ఉన్నాయి. అనుమతులన్నీ ఉన్న పందెమే మూడేళ్ళకు ముగిసింది.)

ఇక హార్మోనియం సంగతి. ట్రాక్ పేరు బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. పొడవు 5.125 కిలోమీటర్లు, మలుపులు 16, ల్యాపులు (చుట్లు) 60. గీసింది జర్మన్ వాస్తుశిల్పి హెర్మన్ టిల్కే, కట్టింది జేపీ గ్రూపు. 2011 అక్టోబరు 28 శుక్రవారం మొదటి ప్రాక్టీసులో అందరికంటే ముందు గుర్తింపు తెచ్చుకున్నది ఒక వీధికుక్క. ఎర్రజెండాలు ఊపి సెషన్ ఆపాల్సి వచ్చింది. లైసెన్సు, కస్టమ్స్ కాగితాలు, వీసా ఏవీ లేకుండా ట్రాక్ మీదికి రాగలిగిన ఏకైక పోటీదారు అదే.

కుక్క కంటే మొండిది దుమ్ము. కొత్త తారు మీద పట్టు దానంతటది రాదు. కార్లు తిరిగే కొద్దీ టైర్ల రబ్బరు ఒక గీతలా అంటుకుంటుంది, ఆ గీత మీదే పట్టు. గీత దాటితే దుమ్ము. దుమ్ములోకి దిగిన టైరు దాన్ని పులుముకుని వస్తుంది, తర్వాతి మలుపుల్లో కారు జారుతుంది. ఓవర్‌టేకింగ్ సులువు కావాలని టిల్కే కొన్ని మలుపుల ముందు రోడ్డును బాగా వెడల్పు చేశాడు. మన దగ్గర రోడ్డు వెడల్పు చేస్తే ఆ వెడల్పులో పల్లీల బండి వెలుస్తుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక్కడ బండికి బదులు దుమ్ము వచ్చి కూర్చుంది. అందరూ పాత గీత మీదే నడిపారు.

ఫెరారీ డ్రైవర్ ఫెలిపే మాసా మాత్రం రోడ్డు చాలక అంచు కూడా వాడుకున్నాడు. మలుపు లోపలి పక్క, రోడ్డు అంచున ఉండే మామూలు కెర్బ్ వెనక, ఎత్తైన నారింజరంగు దిమ్మె ఒకటి ఉంది. అడ్డదారి తొక్కేవారికి బుద్ధి చెప్పడానికే పెట్టారు. సస్పెన్షన్ కడ్డీలు కార్బన్‌ఫైబర్‌వి. బ్రేకు బలాన్నీ మలుపు బలాన్నీ తట్టుకుంటాయి గానీ, కింది నుంచి పడే దెబ్బకు వంగవు, నేరుగా విరుగుతాయి. శనివారం క్వాలిఫయింగ్‌లో ఒక పక్కది విరిగింది. ఆదివారం పందెంలో రెండో పక్కది. స్పీడ్‌బ్రేకర్‌తో నిత్యం కాపురం చేసే మనకు ఇందులో కొత్తేమీ లేదు.

గెలుపు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మూడేళ్ళూ పోల్ పొజిషన్, అంటే అందరికంటే ముందు నిలబడి బయల్దేరే చోటు, రెడ్‌బుల్ జట్టు డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్‌దే, మూడేళ్ళూ గెలుపు వెటెల్‌దే. మొదటి రెండేళ్ళలో 120 ల్యాపులకు 120 ముందున్నది అతనే. మూడో ఏడు కొంచెం నయం. మెత్తటి టైర్లు 15 ల్యాపులకు మించి వాడొద్దని టైర్ల కంపెనీ పిరెల్లి చెప్పడంతో అతను రెండో ల్యాపు చివరే టైర్లు మార్చే పిట్‌లోకి వచ్చి గట్టి రకం వేయించుకున్నాడు. అలా కాసేపు వెనకబడి మన మర్యాద నిలిపాడు. సహచరుడు మార్క్ వెబర్ కారులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చెడిపోయింది. అది చూసి భయపడిన రెడ్‌బుల్ వారు, కరెంటు ఆదా కోసం మంచినీళ్ళ మీట నొక్కొద్దని వెటెల్‌కు రేడియోలో చెప్పారు. కరెంటు కోతకు గొంతెండడం అన్న భారతీయ అనుభవం ఒక ప్రపంచ చాంపియన్‌కు అందించిన ఘనత ఈ పందానిదే.

ఆ రోజే నాలుగో టైటిల్ ఖాయమైంది. నిబంధన ప్రకారం నేరుగా తనిఖీ స్థలానికి వెళ్ళాల్సినవాడు, స్టాండు ముందు కారు ఆపి, టైర్లతో పొగరేపుతూ చక్కర్లు కొట్టి, దిగి కారుకు దండం పెట్టాడు. పందెం న్యాయనిర్ణేతలైన స్టీవార్డులు ఆ సాయంత్రానికల్లా అతన్ని మందలించి, జట్టుకు 25,000 యూరోల జరిమానా వేసి, ఫైలు మూసేశారు. ఒక్క వాయిదా లేదు, కౌంటర్ అఫిడవిట్ లేదు. ఇంత తొందరపాటు మన సంప్రదాయం కాదు.

డబ్బు లెక్క పెళ్ళిళ్ళు చేసిన ఇంటివారికి వెంటనే అర్థమవుతుంది. పందిరి, భోజనాలు, కరెంటు మనవి, చదివింపులు మాత్రం వాళ్ళవి. అంటే ట్రాక్ కట్టి, ఏడాదికి 4 కోట్ల డాలర్లు ఫీజు చెల్లించేది నిర్వాహకుడు. టీవీ హక్కులు, ట్రాక్ పక్క ప్రకటనలు ఫార్ములా వన్ కంపెనీవి. నిర్వాహకుడికి మిగిలేది ముఖ్యంగా టికెట్ల డబ్బు. మొదటి ఏడు జనం సుమారు 95,000. రెండో ఏడు సుమారు 65,000. ఐదేళ్ళ ఒప్పందంలో నాలుగో పందెం 2014లో జరగాలి. తేదీ మార్చి 2015లో పెడతామన్నారు. పెట్టలేదు.

సరిగ్గా ఇక్కడ అసలు పోటీ వేగం అందుకుంది. మేం ఏడాదికి మూడు రోజుల పందానికి వచ్చిపోయేవాళ్ళం, మాకు ఇక్కడ శాశ్వత స్థావరమే లేదు, ఆదాయపు పన్నెందుకు అని బ్రిటన్‌కు చెందిన ఆ ఫార్ములా వన్ కంపెనీ వాదించింది. పందెం నడిచినంత కాలం ట్రాక్ మొత్తం మీ చేతిలోనే ఉంది, కాబట్టి అది మీ శాశ్వత స్థావరమే అని 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి కార్లు వెళ్ళి మూడున్నరేళ్ళు. వెటెల్ 60 ల్యాపులు 2011లో 1 గంట 30 నిమిషాల 35 సెకన్లలో ముగించాడు, ఓర్పు లేనివాడు. సర్వం అనిత్యం అన్న మహానుభావుడి పేరు పెట్టుకున్న ట్రాక్ అలా చట్టప్రకారం శాశ్వతమైంది. 2020లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే అభివృద్ధి సంస్థ బకాయిల కారణంగా ఆ స్థలం కేటాయింపునే రద్దు చేసింది. శాశ్వతం అలాగే ఉంది, కింద నేల మాత్రం వివాదంలో పడింది.

హైదరాబాద్‌కు ఈ భాగ్యం ముందే పట్టాల్సింది. చంద్రబాబు నాయుడు హయాంలో గోపన్‌పల్లి దగ్గర ట్రాక్ అన్నారు, 2004లో ప్రభుత్వం మారింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.835 కిలోమీటర్ల దారిలో కరెంటు కార్లతో ఫార్ములా ఈ పందెం జరిగింది. బ్యాటరీలో దాదాపు సున్నా మిగిలిన స్థితిలో జాన్ ఎరిక్ వెర్న్ గీత దాటి గెలిచాడు. ఆ ఏడాది చివర్లో మళ్ళీ ప్రభుత్వం మారింది. రెండో పందెం 2024 జనవరిలో రద్దయింది. సాగర్ మధ్యలో ఉన్న బుద్ధుడు ఆ ఒక్క పందెమూ టికెట్ లేకుండా నిలబడి చూశాడు. ఆయన చూసింది క్రీడా వినోదమా చెప్పమని ఇంకా ఏ శాఖా నోటీసు పంపలేదు.